పరీక్ష పాసై తొమ్మిదేళ్ళు, స్టీరింగ్ ముట్టుకోక తొమ్మిదేళ్ళు: మళ్ళీ కారు నడిపే ధైర్యం ఎలా వస్తుంది?

మందారమాల:

సభ్యులందరికీ నమస్కారం. నేను డ్రైవింగ్ పరీక్ష మొదటి ప్రయత్నంలోనే పాసయ్యాను. ఆ తర్వాత తొమ్మిదేళ్ళపాటు నడపాల్సిన అవసరం రాలేదు. వచ్చిన ఒకటి రెండు సందర్భాల్లో కూడా ఇంట్లో వేరొకరు ఉన్నారు కనుక నేను పక్క సీట్లోనే కూర్చున్నాను. ఇప్పుడు మా అమ్మగారిని వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి తీసుకువెళ్ళవలసిన బాధ్యత నా మీద పడింది. ఇంట్లో ఉన్నది గేరు కారు.

పోయిన ఆదివారం ఒంటరిగా బయలుదేరి మొదటి కూడలి వరకు వెళ్ళాను. సిగ్నల్ పచ్చగా మారాక క్లచ్ వదలగానే బండి ఒక్క కుదుపుతో ఆగిపోయింది. వెనక నుంచి హారన్లు మొదలయ్యాయి. ఎడమ కాలు ఎంతగా వణికిందంటే మోకాలు స్టీరింగ్ కింది భాగానికి తగులుతూనే ఉంది, ఇంజను ఆగిపోయిన సంగతి కూడా గమనించకుండా గేరు మార్చే ప్రయత్నం చేశాను. రెండోసారీ ఆగిపోయింది, మూడోసారి కదిలింది. ఇంటికి తిరిగి వచ్చి, బండి లోపలే పావుగంట కూర్చుండిపోయాను.

నేను అడగదలచుకున్నది ఇది. డ్రైవింగ్ స్కూల్లో మళ్ళీ మొదటి నుంచి చేరాలా, లేక సొంతంగా సాధన చేస్తే సరిపోతుందా? అసలు ఆ రోజు పరీక్షలో పాసైన మనిషిని నేనేనా అన్న అనుమానం కూడా కలుగుతోంది.

నెమలికన్ను:

మందారమాల గారూ, నేను పదకొండేళ్ళ విరామం తర్వాత మళ్ళీ నడపడం మొదలుపెట్టినదాన్ని, కాబట్టి మీ చివరి వాక్యం నాకు బాగా అర్థమైంది. నా అనుభవంలో తేలినదేమిటంటే, డ్రైవింగ్ అని మనం ఒకే మాటతో పిలిచేదానిలో రెండు వేర్వేరు పనులున్నాయి. ఒకటి బండిని అదుపులో ఉంచే చేతులు, కాళ్ళ పని. రెండోది రోడ్డును చదివే పని, అంటే ఎదుటి వాహనం ఏమి చేయబోతోందో, పక్క సందులోంచి ఎవరు వస్తారో, మనం ఎప్పుడు నెమ్మదించాలో ముందుగా పసిగట్టడం. మొదటిది శరీరానికి పట్టిన విద్య. సైకిలు తొక్కడం లాగానే అది పూర్తిగా పోదు, కొద్ది గంటల సాధనలో చేతికి తిరిగి వస్తుంది. రెండోది మాత్రం పరీక్ష పాసైన రోజున కూడా మనకు పూర్తిగా ఉండదు, ఎందుకంటే అది రోడ్డు మీద గడిపిన కాలంతోనే వస్తుంది.

మీరు ఆదివారం చేసిన పొరపాటల్లా ఈ రెండింటినీ ఒకే రోజు, ఒకే కూడలిలో పరీక్షకు పెట్టడం. కాలికి క్లచ్ ఇంకా అందని స్థితిలో కళ్ళు సిగ్నల్‌నూ, అద్దాలనూ, వెనక హారన్లనూ ఎలా చూసుకోగలవు? ముందు బండి పనిని ఖాళీ స్థలంలో విడిగా నేర్చుకోండి, అది ఆలోచించకుండా జరిగిపోయే స్థితికి వచ్చాక రోడ్డు మీదికి వెళ్ళండి. నేను మొదటి వారమంతా తెల్లవారుజామున ఒకే దారిలో, ఒకే చుట్టు తిరిగాను. దారి తెలిసినదైతే మనసు మీద ఒక బరువు తగ్గుతుంది.

పాఠాలబండి:

నేను డ్రైవింగ్ నేర్పుతూ ఇరవై ఏళ్ళుగా ఉన్నాను. నా దగ్గరికి వచ్చేవారిలో లైసెన్సు ఉండి నడపలేకపోతున్నవారు చాలామంది ఉంటారు. వారికి పూర్తి కోర్సు అవసరం లేదని నేను మొదటే చెప్తాను. రెండువైపులా బ్రేకు, క్లచ్ ఉన్న శిక్షణ కారులో నాలుగైదు పాఠాలు తీసుకుంటే సాధారణంగా చాలు. పక్కన ఉన్న మనిషి కాలు కూడా బ్రేకు మీద ఉందని తెలిస్తే మీ దృష్టి భయం మీద నుంచి పని మీదికి మళ్ళుతుంది. అయితే ఆ పాఠాలు వారానికి ఒకటిగా కాకుండా దగ్గర దగ్గరగా ఉండేట్లు చూసుకోండి, లేకపోతే ప్రతిసారీ మొదటికే వస్తుంది.

ఇక సొంత కారులో. కదలడానికి ముందు కూర్చునే తీరు సరిచూసుకోండి. తొమ్మిదేళ్ళుగా ఆ సీటును వేరొకరు తమ ఎత్తుకు అమర్చుకుని ఉంటారు, మీరు అందులో అలాగే కూర్చుని ఉంటారని నా అనుమానం; మోకాలు స్టీరింగ్‌కు తగిలిందన్న మాట దాన్ని బలపరుస్తోంది. క్లచ్‌ను చివరి వరకు తొక్కినప్పుడు కూడా ఎడమ మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. వీపు సీటుకు ఆనించి చేతులు చాచితే మణికట్లు స్టీరింగ్ పైభాగాన ఆనాలి. తల వెనక ఉండే దిండు పైఅంచు దాదాపు మీ తల పైభాగం ఎత్తుకు రావాలి. ఆ తర్వాతే అద్దాలు సర్దుకోవాలి. పక్క అద్దాల్లో మీ కారు పక్కభాగం సన్నని గీతలా మాత్రమే కనిపించాలి, మిగతాదంతా రోడ్డే కనిపించాలి. అప్పటికీ అద్దాలకు చిక్కని చోటు ఒకటి ఉంటుంది, లేన్ మారేముందు భుజం మీదుగా ఒక్క చూపు చూడవలసింది దాని కోసమే.

ఇప్పుడు మీ అసలు సమస్య అయిన క్లచ్. ఖాళీగా, సమతలంగా, వాహనాలు తిరగని చోటుకు బండిని ఇంకెవరినైనా తీసుకురమ్మనండి. ఇంజను నడుస్తూ, మొదటి గేరులో, హ్యాండ్ బ్రేక్ దించి, కుడి కాలు బ్రేకు మీద ఉంచి, ఎక్సలేటర్‌ను అసలు ముట్టుకోకుండా క్లచ్‌ను కాగితం మందం చొప్పున వదులుతూ రండి. ఒక చోట ఇంజను శబ్దం కొంచెం లోతుగా మారుతుంది, సీటులో చిన్న అదురు తెలుస్తుంది, బానెట్ ముందుభాగం వెంట్రుకవాసి పైకి లేచినట్లు ఉంటుంది. అదే పట్టు దొరికే చోటు. అక్కడ కాలును ఆపేసి, బ్రేకును మెల్లగా వదలండి. బండి మనిషి నడిచే వేగంతో దానంతట అదే కదులుతుంది. మూడు నాలుగు మీటర్లు పోనిచ్చి, క్లచ్ తొక్కి, బ్రేకు వేసి ఆపండి. ఇలా ముప్పైసార్లు చేయండి. కాలు ఆ చోటును ఒకసారి గుర్తుపట్టాక సిగ్నల్ దగ్గర బండి ఆగిపోవడం అరుదవుతుంది. బండి ఆగిపోయేది దాదాపు ఎప్పుడూ ఒకే కారణం వల్ల: పట్టు దొరికిన తర్వాత కాలిని ఒక్క క్షణం నిలపకుండా ఒక్కసారిగా వదిలేయడం వల్ల.

ఎత్తు మీద ఆగినప్పుడు ఇదే పనిని హ్యాండ్ బ్రేక్‌తో చేయాలి. హ్యాండ్ బ్రేక్ లాగి ఉంచి, కొద్దిగా ఎక్సలేటర్ ఇచ్చి, పట్టు దొరికే వరకు క్లచ్ వదిలి, బండి ముందుకు లాగుతున్నట్లు అనిపించిన తర్వాతే హ్యాండ్ బ్రేక్ దించాలి. అప్పుడు బండి వెనక్కి జారదు.

ఒకవేళ కూడలిలో మళ్ళీ ఆగిపోతే వరస ఇలా ఉండాలి: బ్రేకు, క్లచ్, న్యూట్రల్, స్టార్ట్, మొదటి గేరు, పట్టు, కదలిక. దీన్ని ఖాళీ స్థలంలో కావాలనే బండిని ఆపేసి, పైకి అనుకుంటూ పదిసార్లు సాధన చేయండి. కంగారులో కొత్తగా ఆలోచించడం ఎవరికీ సాధ్యం కాదు, ముందే అలవాటైన వరస మాత్రమే అక్కరకు వస్తుంది.

దూరతీరం:

నేను భారీ వాహనాలు నడిపేవాడిని. హారన్ల గురించి ఒక మాట చెప్పాలని ఆగాను. వెనకవాడు హారన్ కొట్టడం వల్ల మీకు ఏ ప్రమాదమూ జరగదు. ఆ హారన్‌కు లోబడి, చూసుకోకుండా కూడలిలోకి దూకితేనే ప్రమాదం. అందుకని ఆ శబ్దానికి మీరు ఇవ్వవలసిన జవాబు ఏమీ లేదు, మీ వరసను మీరు పూర్తి చేయడమే. వెనక అద్దానికి కొత్త డ్రైవర్ అని తెలిపే స్టిక్కర్ అంటించుకోవడానికి మొహమాటపడకండి. అది కనిపిస్తే మావంటి వాళ్ళం తప్పకుండా కొంచెం ఎడం ఇస్తాం.

రెండో మాట ఎడం గురించే. చాలాకాలం తర్వాత నడిపేవారు నెమ్మదిగా పోతారు గానీ ముందు బండికి మరీ దగ్గరగా పోతారు, ఎందుకంటే వారి చూపు ముందు బండి వెనక దీపాల మీదే అతుక్కుని ఉంటుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది. ప్రమాదాన్ని చూసి కాలు బ్రేకు మీదికి చేరడానికే ఒక సెకను, ఒక్కొక్కసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. అంటే బ్రేకు పని మొదలుపెట్టకముందే మూడు కార్ల పొడవు దాటిపోతారు. పైగా వేగం రెండింతలైతే బ్రేకు వేశాక బండి ఆగడానికి పట్టే దూరం రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. ముందు బండి ఒక స్తంభాన్ని దాటినప్పటి నుంచి మీరు అదే స్తంభాన్ని చేరేవరకు కనీసం రెండు సెకన్లు ఉండాలి, రోడ్డు తడిగా ఉంటే నాలుగు. ఆ రెండు సెకన్లు చేతిలో ఉన్న మనిషికి కంగారు కూడా సగం తగ్గిపోతుందని నేను చెప్పగలను.

మా వాహనాల పక్కన ఎక్కువసేపు ఉండకండి. మా అద్దాల్లో మా ముఖం మీకు కనిపించడం లేదంటే మీరు మాకు కనిపించడం లేదని అర్థం.

ఉదయరేఖ:

నేను కొంచెం భిన్నంగా చెప్తాను, నొచ్చుకోకండి. మందారమాల గారికి ఉన్న అవసరం తల్లిగారిని క్షేమంగా చేర్చడం. దానికి క్లచ్‌తో ఇంత కుస్తీ ఎందుకు? ఆటోమేటిక్ కారు దొరికే వీలుంటే దానికి మారిపోవచ్చు కదా. నేను ఏడేళ్ళు నడపకుండా ఉండి, ఆటోమేటిక్ తీసుకున్న వారం రోజుల్లోనే ధైర్యంగా తిరగగలిగాను. రోడ్డును చూడడానికి కావలసిన తీరిక నాకు అందులోనే దొరికింది.

పాఠాలబండి:

ఉదయరేఖ గారి మాటలో న్యాయం ఉంది, కారు మార్చుకునే వెసులుబాటు ఉన్నవారికి అది మంచి దారే. గేరు కారు మీద పాసైన లైసెన్సుతో ఆటోమేటిక్ నడపవచ్చు. ఆటోమేటిక్ మీద పాసైనవారికి మాత్రం చాలా దేశాల్లో గేరు కారు నడిపే అనుమతి ఉండదు. ఒక్క హెచ్చరిక చేస్తాను. గేరు కారు అలవాటున్నవారు ఆటోమేటిక్‌లో కంగారుపడితే ఎడమ కాలు క్లచ్ అనుకుని వెడల్పాటి బ్రేకును బలంగా తొక్కేస్తుంది. ఎడమ కాలిని పూర్తిగా వెనక్కి, నేల మీద ఉంచి, రెండు పెడళ్ళనూ కుడి కాలితోనే వాడాలి. ఇక భయం క్లచ్‌ది కాకుండా ట్రాఫిక్‌ది అయితే కారు మార్చినంత మాత్రాన అది పోదు, రోడ్డు చదివే సాధన ఎలాగూ తప్పదు.

ఇసుకతిన్నె:

నా విరామానికి కారణం వేరు. ఒక చిన్న ఢీ జరిగింది, ఎవరికీ దెబ్బ తగలలేదు, కానీ ఆ తర్వాత నాలుగేళ్ళు నేను తాళం ముట్టుకోలేదు. నేను ఆలస్యంగా తెలుసుకున్న విషయం ఏమిటంటే, తప్పించుకున్న ప్రతిసారీ మనసుకు వెంటనే ఊరట కలుగుతుంది, ఆ ఊరటే మరుసటిసారి భయాన్ని ఇంకొంచెం గట్టిపరుస్తుంది. నేను ఈ నాలుగేళ్ళూ భయం తగ్గాక నడుపుదామని ఎదురుచూశాను. నడపకుండా అది తగ్గే మార్గమే లేదు.

అందుకని ఒక సలహాదారు చెప్పినట్లుగా మెట్లు కట్టుకున్నాను. మొదటి మూడు రోజులు ఇంజను వేయకుండా సీటులో పది నిమిషాలు కూర్చోవడం మాత్రమే. తర్వాత ఇంజను వేసి కూర్చోవడం, తర్వాత ఖాళీ వీధి, తర్వాత ఒక్క కూడలి. ఒక మెట్టు మీద గుండె దడ తగ్గేవరకు అక్కడే ఉండాలి, దడ పతాకస్థాయిలో ఉన్నప్పుడు ఇంటికి తిరిగి రాకూడదు. అలా తిరిగి వస్తే శరీరం నేర్చుకునే పాఠం తప్పు పాఠమవుతుంది. మరీ కష్టమైతే పక్కన సురక్షితంగా ఆపి, ఊపిరి పీల్చినదానికన్నా వదలడం నెమ్మదిగా ఉండేట్లు కొన్నిసార్లు చేసి, మళ్ళీ కదలండి. మందారమాల గారు ఆ రోజు మూడో ప్రయత్నంలో కదిలి ఇల్లు చేరారు కదా, అది నా లెక్కలో గెలుపే. నేనైతే అక్కడే బండి వదిలేసి దిగిపోయి ఉండేవాణ్ణి.

మందారమాల (పన్నెండు రోజుల తర్వాత):

మీ అందరి మాటలూ కాగితం మీద రాసుకున్నాను. పాఠాలబండి గారూ, మీ అనుమానం నిజమే. సీటు నాకన్నా చాలా పొట్టివారికి సరిపోయేంత ముందుకు ఉంది. వెనక్కి జరిపాక మోకాలు తగలడం ఆగిపోయింది. శిక్షణ కారులో మూడు పాఠాలు అయ్యాయి, క్లచ్ పట్టు చోటు ఇప్పుడు కాలికి తెలుస్తోంది. మొదటి రోజు లెక్కపెట్టి ముప్పైసార్లు చేశాను, ఇరవై దాటాక కాలు దానంతట అదే ఆగడం మొదలైంది.

చిక్కు ఇంకొకటి వచ్చింది. ఇంటి కారులో సాధనకు మా అన్నయ్య పక్కన కూర్చుంటున్నాడు. అతను మంచివాడే గానీ ప్రతి మలుపులోనూ అయ్యో అంటూ డాష్‌బోర్డ్ పట్టుకుంటాడు. శిక్షకుడి పక్కన బాగా నడిపిన నేను అతని పక్కన కూర్చుంటే మళ్ళీ మొదటి రోజులాగే అవుతున్నాను. ఇంకో విషయం, బ్రేకు వేసినప్పుడు గరగరమని శబ్దం వస్తోంది. బండి చెడిపోయిందేమో అన్న భయం ఒకటి.

పాఠాలబండి:

బండి చాలా రోజులు కదలకుండా ఉంటే బ్రేకు డిస్కుల మీద పలచని తుప్పు పొర పడుతుంది, మొదటి కొన్ని బ్రేకులతో అది రాసుకుపోతుంది. ఆ తర్వాతా శబ్దం ఆగకపోతే, లేదా పెడల్ మెత్తగా దిగిపోతుంటే మెకానిక్‌కు చూపించకుండా నడపకండి. టైర్లలో గాలి సరిచూడండి. టైరు పక్కగోడ మీద నాలుగు అంకెల సంఖ్య ఉంటుంది, ఉదాహరణకు 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. పాతబడిన రబ్బరు గీతలు బాగానే ఉన్నా బీటలు వారి ఉండవచ్చు. లైసెన్సు, బీమా గడువులు కూడా చూసుకోండి, ఇంతకాలం వాడనివారు తరచు మరిచిపోయేది వాటినే.

నెమలికన్ను:

అన్నగారి విషయంలో నాది ఖచ్చితమైన అభిప్రాయం. పక్కన కూర్చునే మనిషికి బాగా నడపడం వచ్చా అన్నదానికన్నా నిశ్శబ్దంగా కూర్చోవడం వచ్చా అన్నదే ముఖ్యం. మా వారితో కూడా ఇదే గొడవ వచ్చింది. చివరికి బయలుదేరే ముందే ఒప్పందం చేసుకున్నాం: ఆపు అన్న ఒక్క మాట తప్ప కదిలే బండిలో ఆయన ఏమీ అనకూడదు, చెప్పవలసినవన్నీ ఆగిన తర్వాత చెప్పాలి. అది కుదరకపోతే వేరొకరిని అడగండి. అయ్యో అన్న మాటలో సమాచారం ఏమీ ఉండదు, దేనికి అయ్యో అన్నారో వెతుకుతూ మీ కళ్ళు రోడ్డు మీద నుంచి తొలగిపోతాయి.

దూరతీరం:

నెమలికన్ను గారి ఒప్పందానికి ఒకటి జోడిస్తాను. పక్కనున్నవారు మాట్లాడే బదులు మీరే మాట్లాడండి. చూస్తున్నది చూస్తున్నట్లు పైకి చెప్తూ నడపండి: ముందు బస్సు ఆగింది, దాని ముందు నుంచి ఎవరైనా దాటవచ్చు; ఆ పిల్లవాడి చేతిలో బంతి ఉంది; ఆ కారు చక్రాలు ఇటు తిరిగి ఉన్నాయి, ఇండికేటర్ మాత్రం వేయలేదు. ఇలా చెప్పడం వల్ల చూపు దూరానికి పోవడం అలవాటవుతుంది. మీరు గమనించారన్న సంగతి మీ అన్నగారికి వినపడుతుంది కనుక ఆయన చేతులు కూడా డాష్‌బోర్డ్ మీద నుంచి దిగుతాయి.

ఉదయరేఖ:

ఇరుకు దారుల్లో బండి వెడల్పు తెలియక ఇబ్బంది పడుతుంటే ఒక చిన్న పని చేయండి. ఖాళీ స్థలంలో గీసి ఉన్న గీతకు పక్కగా, చక్రానికీ గీతకూ జానెడు దూరం ఉండేలా ఆపి, సీటులోంచి చూస్తే ఆ గీత డాష్‌బోర్డ్‌ను ఎక్కడ కలుస్తున్నట్లు కనిపిస్తుందో గుర్తుపెట్టుకోండి. ఆ చోటే మీ కొలబద్ద. ముందు బండి వెనక ఆగేటప్పుడు దాని వెనక టైర్లు నేలను తాకే చోటు కనిపించేంత దూరంలో ఆగితే, అవసరమైతే పక్కకు తిప్పుకుని బయటపడేంత జాగా ఉంటుంది.

మందారమాల (ఆరు వారాల తర్వాత):

నిన్న అమ్మను నేనే తీసుకువెళ్ళాను. అంతకుముందు ఆ దారిలో ఆమె లేకుండా ఎనిమిదిసార్లు, అందులో రెండుసార్లు సరిగ్గా మా అపాయింట్‌మెంట్ సమయానికే, వెళ్ళి వచ్చాను. దారిలో ఎక్కడ లేన్ మారాలో, ఏ కూడలిలో ఎత్తు ఉందో ముందే తెలిసిపోయింది. అన్నయ్యతో ఒప్పందం రెండు రోజులు మాత్రమే నిలిచింది, అందుకని మా పిన్నిని కూర్చోబెట్టుకున్నాను. నేను పైకి చెప్తూ నడుపుతుంటే ఆమె కూడా నాతోపాటు రోడ్డు చూడడం మొదలుపెట్టింది.

నిన్న అదే కూడలిలో, ఎర్రదీపం పచ్చగా మారాక, బండి మళ్ళీ ఆగిపోయింది. వెనక నుంచి హారన్ కూడా వచ్చింది. బ్రేకు, క్లచ్, న్యూట్రల్, స్టార్ట్, మొదటి గేరు అని పెదవులతో అనుకుంటూ కదిలాను. ఎంతసేపు పట్టిందో తెలియదు గానీ పచ్చదీపం ఇంకా వెలుగుతూనే ఉంది. అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ, బండి ఎందుకు ఆగిందని కూడా అడగలేదు.

వచ్చే నెల నుంచి సాయంత్రం సమయం ఇస్తామన్నారు, తిరిగి వచ్చేసరికి చీకటి పడుతుంది. ఎదురు బండ్ల దీపాలు కళ్ళలో పడితే ఏమి చేయాలి?

దూరతీరం:

ఆ దీపాల వైపు చూడకండి. మన వైపు రోడ్డు అంచున ఉన్న గీత మీద చూపు నిలిపి, ఎక్సలేటర్ మీద నుంచి కాలు తీసి, ఆ బండి దాటిపోయేవరకు వేగం తగ్గించండి. ముందు అద్దాన్ని లోపలి వైపు కూడా శుభ్రంగా తుడవండి, అక్కడ పేరుకున్న సన్నని జిడ్డు వల్లే వెలుగు చెదిరి కళ్ళు మిరుమిట్లు గొలుపుతాయి. చీకట్లో మొదటిసారి అమ్మగారితో కాకుండా, ఆ ఎనిమిదిసార్లలాగే, ముందు మీ పిన్నిగారితో వెళ్ళి రండి.

మందారమాల:

అలాగేనండి. అద్దం ఈ రోజే తుడుస్తాను. బుధవారం సాయంత్రం పిన్నితో బయలుదేరుతున్నాం.